నలభై దాటాక జపనీస్ బీఏ: పీఎఫ్ తీయకండి, రాజీనామాకు తొందరపడకండి

ప్రశ్న: నా వయసు 42. ఉప్పల్‌లో ఉంటాం. బీకాం చదివాను, ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. జీతం చేతికి 52 వేలు, మావారికి 68 వేలు. ఇంటి ఖర్చు 50 వేలు, గృహరుణ వాయిదా 24 వేలు. ఇంటర్ మొదటి ఏడాదిలో ఉన్న అమ్మాయి చదువు, ఇతరాలు పోను నెలకు 30 వేలు మిగులుతాయి. ఎఫ్‌డీ 5 లక్షలు, పీఎఫ్ 9 లక్షలు ఉన్నాయి. విశ్వవిద్యాలయంలో జపనీస్ చదవాలని ఎన్నాళ్లగానో కోరిక. ఈ వయసులో సీటు రావాలంటే దరఖాస్తు బలంగా ఉండాలని, అందుకు 1.8 లక్షలు కట్టమని ఒక కన్సల్టెన్సీ అంటోంది. పీఎఫ్ తీసి కట్టమంటారా? విద్యారుణం వస్తుందా?

జవాబు: ఆ 1.8 లక్షలు కట్టకండి. మీరు చేరాలనుకుంటున్న చదువుకు ఆ డబ్బు ఏ విధంగానూ ఉపయోగపడదు.

ఢిల్లీలోని జేఎన్‌యూలో జపనీస్ బీఏ సీటు కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష అయిన సీయూఈటీ మార్కులను బట్టి వస్తుంది. ఆ పరీక్షకు గరిష్ఠ వయోపరిమితి లేదు. రుసుము వెయ్యి రూపాయల ప్రాంతంలో ఉంటుంది. అక్కడ మీ పరిచయ వ్యాసాన్ని గానీ సిఫార్సు లేఖలను గానీ ఎవరూ చూడరు. ఇంటర్ మార్కులను ఇప్పుడు మార్చలేం కాబట్టి మీ చేతిలో ఉన్నది పరీక్ష ఒక్కటే. ఇంగ్లీషు మీద, జనరల్ ఆప్టిట్యూడ్ మీద రోజూ గంట పెట్టండి. లెక్కల్లో మునిగి తేలే ఉద్యోగం మీది, ఆప్టిట్యూడ్ పత్రంలో మీకు అది అక్కరకొస్తుంది. మీ ఇంటికి దగ్గరలో, తార్నాక వైపు ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది. అక్కడా జపనీస్ బీఏ ఉంది. ప్రవేశాలు ఎలా జరుగుతాయో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో మీరే చదవండి, మధ్యవర్తి మాట నమ్మవద్దు. ఇంట్లో పిల్లను వదిలి ఢిల్లీలో ఉండటం కంటే ఇఫ్లూయే మీకు నయమని నా అభిప్రాయం.

ఇవి రెండూ కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఫీజులు తక్కువ. అందుకే విద్యారుణం ఊసు వద్దంటున్నాను. అసలు ఖర్చు వేరే చోట ఉంది. మీరు ఉద్యోగం మానితే మూడేళ్లలో పోయే జీతం 18.72 లక్షలు. ఈ అంకెను మీవారితో కలిసి కూర్చుని చూడండి. ఆయన జీతంతోనే నడపాలంటే ఇంటి ఖర్చు, వాయిదా కలిపి 74 వేలు, అంటే నెలకు 6 వేల లోటు. మూడేళ్లకు 2.16 లక్షలు. ఇందులో అమ్మాయి బీటెక్ ఫీజు, మీరు చెప్పిన ఇతరాలు లేవు.

కాబట్టి రెండేళ్లు ఆగి చేరండి. నెలకు 30 వేల చొప్పున 24 నెలల్లో 7.2 లక్షలవుతాయి, ఎఫ్‌డీతో కలిపి 12.2 లక్షలు. అందులోంచి లోటుకు 2.16 లక్షలు, ఆరు నెలల అత్యవసర నిధికి 4.44 లక్షలు తీసి పక్కన పెడితే అమ్మాయి చదువుకు, ఇతరాలకు 5.6 లక్షలు మిగులుతాయి. ధరలు పెరుగుతాయి నిజమే, మీవారి ఇంక్రిమెంట్లు దాన్ని కొంతవరకు భరిస్తాయి. పీఎఫ్‌ను మాత్రం ముట్టుకోకండి. 2024-25కు దానిపై 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. అరవై దాటాక మీకు ఆసరా అదే.

ఈ రెండేళ్లూ ఊరికే గడపమని కాదు. జపనీస్ భాషా నైపుణ్య పరీక్ష జేఎల్‌పీటీ ఏటా జులైలో, డిసెంబరులో జరుగుతుంది. మొదట అందులో అన్నిటికంటే తేలిక స్థాయి ఎన్5 రాయండి. 180కి 80 వస్తే చాలు, ఒక్కో విభాగంలో కనీస మార్కులూ రావాలి. తర్వాతి స్థాయి ఎన్4కు 90 కావాలి. బీఏ అక్షరాల నుంచే మొదలవుతుంది కాబట్టి ఈ సర్టిఫికెట్లు సీయూఈటీ ర్యాంకును పెంచవు. అయినా రాయమంటున్నాను. పగలు ఉద్యోగం, రాత్రి ఇంటిపని చేసుకుంటూ ఎన్4 దాకా వెళ్లగలిగితే, జీతం వదులుకునేంత ఇష్టం మీకు ఉందని ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఎన్5 దగ్గరే ఆసక్తి తగ్గితే 18 లక్షలు నిలుస్తాయి. ఇగ్నోలో జపనీస్ సర్టిఫికెట్ కోర్సు ఉంది, జపాన్ ఫౌండేషన్ వారి ‘ఇరొదొరి’ పాఠాలు ఉచితం. తరగతులకు వెళ్లాలనుకుంటే ఎఫ్‌డీ వడ్డీ సరిపోతుంది.

ఒకవేళ జపాన్‌లోనే చదవాలన్న ఆలోచన ఉంటే ఉపకార వేతనం మీద ఆశ పెట్టుకోవద్దు. జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల్లో పరిశోధక విద్యార్థులకు కూడా 35 ఏళ్ల లోపు ఉండాలి. అక్కడి జాతీయ విశ్వవిద్యాలయాల్లో ప్రామాణిక ట్యూషన్ ఫీజు ఏడాదికి 5,35,800 యెన్లు, ప్రవేశ రుసుము 2,82,000 యెన్లు. నివాసం, భోజనం దీనికి అదనం. ఇప్పుడున్న వాయిదాతో అది మీ వల్ల కాదు.

చదువు అయ్యాక సంపాదన గురించి మీరు అడగలేదు గానీ నేను చెప్పాలి. భాష ఒక్కటే వచ్చినవారి కంటే జపనీస్‌తో పాటు ఖాతాలు, జీఎస్టీ తెలిసినవారికి దారులు ఎక్కువ. శ్రీసిటీలో జపాన్ సంస్థలు ఇసుజు, డైకిన్, కోబెల్కో ఉన్నాయి, పటాన్‌చెరులో తోషిబా ఉంది. ఎక్కడైనా ఇంటర్వ్యూలో ‘ఈ వయసులో జపనీస్ ఎందుకు’ అని అడిగితే మీ అకౌంట్స్ అనుభవం నుంచే జవాబు మొదలుపెట్టండి. వయసు గురించి సంజాయిషీ ఇచ్చుకోనవసరం లేదు.

ఇంకొకటి. రాజీనామాతో మీ సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా ఆగిపోతుంది. కుటుంబానికంతటికీ సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం మూడేళ్ల వరకు ఉండవచ్చు. ఇప్పుడు తీసుకుంటే, మీరు చదువులో చేరేనాటికి అందులో రెండేళ్లు గడిచిపోతాయి.