వాన తీసెయ్, హెల్మెట్ ఉంచు

అమ్మాయీ,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది. రెండోసారి ఆ హెల్మెట్ దగ్గర ఆగిపోయాను. ముందు కోపం సంగతి చెప్తా.

విడిపోయే సీనుకి పేజీన్నర డైలాగులు. పైన వాన. ఆ వాన మీద నీ కవిత, వాయిస్ ఓవర్‌లో. స్నేహితులు తలా కొంత వేసుకున్న డబ్బుతో సినిమా తీస్తూ వాన కురిపించడానికి నీళ్ల ట్యాంకర్లు ఎక్కణ్ణుంచి తెస్తావు? సరే, డబ్బు మాట వదిలెయ్. మనసు విరిగినవాళ్లు అంత అందంగా మాట్లాడతారా? కుర్రతనంలో నేనూ ఇలాగే రాశాను. నా నాటకంలో హీరో కళ్లు తుడుచుకుంటూ ఐదు నిమిషాలు మాట్లాడితే, వెనక బెంచీ నుంచి "ఇంక పోరా బాబూ" అని వినపడింది.

హాంకాంగ్ దర్శకుడు వాంగ్ కార్‌వై సినిమా 'ఇన్ ద మూడ్ ఫర్ లవ్' (2000) మళ్లీ చూడు. ఈసారి రంగులు, చీకట్లు కాదు, మాటలు విను. 1962 హాంకాంగ్. పక్కపక్క ఇళ్లలో గదులు అద్దెకు తీసుకున్న రెండు జంటలు. ఒక జంటలో భార్యకీ, రెండో జంటలో భర్తకీ సంబంధం. ఆ ఇద్దరి మొహాలు మనకి సరిగ్గా చూపించనే చూపించడు. మిగిలిన ఇద్దరూ హోటల్లో ఎదురెదురుగా కూర్చుంటారు. మీ హ్యాండ్‌బ్యాగ్ ఎక్కడ కొన్నారని అతను అడుగుతాడు. మీ టై ఎక్కడిదని ఆమె అడుగుతుంది. అలాంటి బ్యాగు అతని భార్యకీ ఉంది, అలాంటి టై ఆమె భర్తకీ ఉంది. ఎవరూ గొంతు పెంచరు. రెండు కాపురాలూ ఆ టేబుల్ దగ్గరే కూలిపోతాయి.

ఇంకోచోట, భర్తని ఎలా నిలదియ్యాలో ఆమె ఇతని మీద రిహార్సల్ చేస్తుంది. అతను ఒప్పుకోగానే తగిలీ తగలనట్టు ఒక దెబ్బ. అలా కాదని మళ్లీ మొదలుపెడతారు. ఈసారి ఏడుపొస్తుంది. ఉత్తుత్తి గొడవలో అసలు ఏడుపు!

(అది పక్కా స్క్రిప్టు లేకుండా 15 నెలలు తీశారు. ఆ ఒక్కటీ నేర్చుకోకు.)

ఇక హెల్మెట్. విడిపోయిన పది రోజులకీ అతని బండికి ఆమె హెల్మెట్ వేలాడుతోందని ఒక్క లైను రాసి దాటేశావు. పిచ్చిదానా, నీ సినిమా అక్కడుంది. బండి కడిగినప్పుడల్లా తీసి పక్కన పెడతాడు, మళ్లీ తగిలిస్తాడు. టీ కొట్టు దగ్గర ఫ్రెండ్ ఎవడో లిఫ్ట్ అడిగి అది పెట్టుకోబోతాడు. ఇతనేమంటాడు? "అది నీకు పట్టదులే, టైటు" అంటాడేమో. అన్నాక, వాడి చేతిలోంచి ఎలా తీసుకుంటాడు?

ఆ సీను రాసి దసరాలోపు పంపు. వాయిస్ ఓవర్ మొత్తం కొట్టెయ్. కవిత మాత్రం పారెయ్యకు, ఏదైనా పత్రికకి పంపు. బాగుంది.

మీ మాస్టారు