కొత్త మందు ట్రయల్‌లో కామెర్లు వస్తే బిల్లు ఎవరు కట్టాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 52 ఏళ్లు. హెపటైటిస్‌ సి ఉంది. ఇంకా మార్కెట్లోకి రాని మాత్రల ట్రయల్‌లో చేరారు. ఆరో వారంలో కామెర్లు ముదిరి 11 రోజులుగా ఆస్పత్రిలో ఉన్నారు. ‘లివర్‌ ముందే పాడైంది, మందు వల్ల కాదు’ అంటూ రూ.1.80 లక్షల బిల్లు వేశారు. పరిహారం అడగనని నాన్న సంతకం కూడా చేశారట. మాకేమైనా దారి ఉందా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఉందమ్మా. ముందు ఆ బిల్లు సంగతి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్‌ ట్రయల్స్‌ నిబంధనల్లో 40వది చూడండి. ట్రయల్‌ సమయంలో హాని జరిగితే, వైద్యుడు అవసరమన్నంత కాలం, లేదా ఆ హానికీ ట్రయల్‌కూ సంబంధం లేదని తేలేవరకు (ఏది ముందైతే అది) వైద్యం ఉచితం. ఖర్చు ట్రయల్‌ నడిపే కంపెనీది. ‘మందు వల్ల కాదు’ అని బిల్లింగ్‌ కౌంటర్‌లో అంటే తేలినట్టు కాదు. ఈ నిబంధన చూపి, బిల్లు రద్దు చేయమని రాతపూర్వకంగా అడగండి. డిశ్చార్జి ఆపుతారన్న భయంతో కట్టాల్సి వస్తే, ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి రసీదు దాచండి. పరిహారం వద్దన్న సంతకానికి భయపడకండి. చట్టం ఇచ్చిన హక్కును సమ్మతి పత్రంలోని ఒక వాక్యం తీసేయలేదు.

మీ కేసులో నేను మొదట అడిగే కాగితం హెపటైటిస్‌ బి పరీక్ష రిపోర్టు. సి వైరస్‌ను చంపే మందులు వాడుతుంటే, ఒంట్లో దాగి ఉన్న బి వైరస్‌ తిరగబెట్టి లివర్‌ దెబ్బతినవచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లోనే దీనిపై హెచ్చరించింది. మాత్రలు మొదలుపెట్టే ముందు బి వైరస్‌ను పట్టిచ్చే రక్తపరీక్షలు హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీసీ చేశారా? చేయకపోయినా, పాజిటివ్‌ వచ్చాక పట్టించుకోకపోయినా అది నిర్లక్ష్యమే. నిర్లక్ష్యం వల్ల కలిగిన హానిని 41వ నిబంధన ట్రయల్‌ వల్ల కలిగిన హానిగానే లెక్కిస్తుంది.

ఆస్పత్రిలో చేరాల్సి వచ్చిందంటే అది తీవ్ర దుష్ప్రభావం. ట్రయల్‌ వైద్యుడు 24 గంటల్లో కంపెనీకి, ఎథిక్స్‌ కమిటీకి (ట్రయల్‌లో చేరినవారి భద్రత, హక్కులు చూసే కమిటీ), కేంద్ర ఔషధ నియంత్రణ విభాగానికి తెలపాలి. 14 రోజుల్లో పూర్తి విశ్లేషణ, 30 రోజుల్లో కమిటీ అభిప్రాయం వెళ్లాలి. నివేదిక పంపారా అని కమిటీ కార్యదర్శికి లేఖ రాయండి. చిరునామా సమ్మతి పత్రంలోనే ఉంటుంది. ఆ పత్రం ప్రతి మీకు ఇవ్వకపోయి ఉంటే, అదీ ఉల్లంఘనే, లేఖలో చేర్చండి. జవాబు రాకపోతే కేంద్ర విభాగానికే ఫిర్యాదు చేయండి. పరిహారం చెల్లించమని ఆదేశం వచ్చాక కంపెనీకి గడువు 30 రోజులు.

పరిహారం మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. పూర్తిగా కోలుకుంటే ఆస్పత్రిలో ఉన్న రోజులకు కనీస దినసరి వేతనం రెట్టింపు చొప్పున లెక్కగడతారు. 11 రోజులకు అది చిన్న మొత్తమే. మీకు అసలు మేలు ఉచిత వైద్యంలో ఉంది, పోరాటం అక్కడ చేయండి. నాన్నగారు ఎప్పుడైనా ట్రయల్‌ నుంచి బయటికి రావచ్చు, కానీ వైద్యుణ్ని అడక్కుండా మాత్రలు ఆపనివ్వకండి.