నెలసరి బట్టతో దురద: మీ ప్రశ్నకు సమాధానం

పల్లెలో ఉండే మీ అక్క కూతురు పాత బట్టే వాడుతోందని, నెలనెలా తొడలు ఒరుసుకుపోయి దురద పెడుతోందని, ప్యాడ్లకు మార్చేయాలా అని అడిగారు. మార్చడం తప్పనిసరేం కాదండీ. శుభ్రమైన నూలు బట్ట నిక్షేపంగా పనికొస్తుంది. చిక్కంతా దాన్ని ఎక్కడ ఆరేస్తోందన్న దగ్గరే. ఎవరి కంటా పడకూడదని వేరే బట్టల కింద ఆరేస్తే చెమ్మ పోదు, ఆ చెమ్మలోనే ఫంగస్ పెరుగుతుంది. ముందు చన్నీళ్లలో నానబెట్టి రక్తం పోనివ్వాలి (వేడినీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది), తర్వాత సబ్బుతో ఉతికి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించి, ఎండలో ఆరేయాలి. మిగిలిన సబ్బు కూడా దురద పెడుతుంది. ఎండలో వేయడానికి సిగ్గుపడితే పైన పలుచటి చున్నీ కప్పమనండి. వానాకాలం ఇస్త్రీ చేస్తే సరి.

నాకైతే బడి వేళలే అసలు టెన్షన్ అనిపిస్తుంది. మార్చుకునే చోటు లేక పొద్దుటి బట్టతోనే సాయంత్రం దాకా ఉండిపోతారు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి, అది ప్యాడైనా అంతే. సంచిలో ఒక మడత బట్ట, వాడినది పెట్టుకోవడానికి ఒక కవరు ఉంచండి. టీచరమ్మతో మీ అక్కే ఒక మాట చెబితే మంచిది, పిల్ల తనంతట తాను అడగదు. యోని లోపల కడగొద్దు, సబ్బూ వాడొద్దు; పైపైన మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు.

దురద తగ్గకపోయినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా, గంటా రెండు గంటలకే బట్ట తడిసిపోతున్నా డాక్టరుకు చూపించండి.