ఫ్లై గాలం పట్టబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి తిరుపతి నుండి మామయ్య ఆశీస్సులు.

ఫ్లై ఫిషింగ్ నేర్చుకోవాలనుకుంటున్నానని, ఏ రాడ్ కొనమంటారని అడిగావు. రాడ్ సంగతి తరువాత చెబుతాను, ముందు నీ చేతిలో ఉన్న డబ్బులో మంచి వాటా లైనుకు కేటాయించు. మామూలు గాలంలో బరువు ఎరకో, దానికి కట్టిన సీసపు గుండుకో ఉంటుంది కాబట్టి అది ఎగురుతూ దారాన్ని తన వెంట లాక్కుపోతుంది. ఫ్లై అంటే కొక్కేనికి చుట్టిన నాలుగు ఈకలూ కొన్ని వెంట్రుకలూ మాత్రమే కావడం వల్ల దానికి ఆ శక్తి లేదు. ఇక్కడ మనం విసిరేది లావుపాటి లైనును, ఫ్లై దాని కొసన వేలాడుతూ వెళుతుంది. అందుకే లైన్లకు బరువును బట్టి నంబర్లు ఇచ్చారు. మొదటి 30 అడుగుల లైను బరువు 5వ నంబరులో సుమారు 9 గ్రాములు, 8వ నంబరులో సుమారు 13.6 గ్రాములు ఉంటుంది. రాడ్ మీద కూడా నంబరు వేసి ఉంటుంది, ఆ రెండూ ఒకటే అయ్యేటట్లు చూసుకో.

చవకగా దొరికే సెట్లలో చాలావరకు చల్లని దేశాల ట్రౌట్ చేపల కోసం తయారైనవి. వాటితో వచ్చే లైను మన ఏప్రిల్ ఎండలో మెత్తబడి, జిగటగా మారి, రాడ్ రింగుల్లో జారకుండా అతుక్కుంటుంది. అప్పుడు ఎంత బలంగా విసిరినా అది ముందుకు పోదు. ఉష్ణ ప్రాంతాల కోసం గట్టి కోరుతో, అంటే గట్టి లోపలి దారంతో, చేసిన ట్రాపికల్ లైను అడిగి తీసుకో. అదే లైను నీలగిరుల చలిలో స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని విసిగిస్తుంది, కానీ మనకు ఆ బాధ లేదు. నీళ్ల మీద తేలే రకం ఒకటి ఉంటే మొదటి రెండేళ్లూ గడిచిపోతాయి.

రాడ్ 9 అడుగులది, 8వ నంబరుది కొను. చెరువుల్లోని జిలేబి చేపలకు అది కొంత ఎక్కువే, 5వ నంబరు రాడ్ మీద వాటి లాగుడు ఇంకా బాగుంటుంది. కానీ సముద్రపు గాలిని చీల్చడానికి, గాలానికి చిక్కాక నీటిలోని చెట్ల వేర్లలోకి దూరబోయే పండుగప్పను మళ్లించడానికి 5వ నంబరు చాలదు. రీలు గురించి పెద్దగా ఆలోచించవద్దు. ఉప్పునీటికి తట్టుకునేది, మంచి డ్రాగ్ (చేప లాగినప్పుడు లైనును బిగువుగా వదిలే బ్రేకు) ఉన్నది, లైను కింద సుమారు 150 గజాల బ్యాకింగ్ దారం, అంటే చేప దూరం లాక్కుపోతే పనికొచ్చే అదనపు సన్న దారం, పట్టేది అయితే సరిపోతుంది.

లైను కొసకు 9 అడుగుల లీడర్, అంటే లైనుకూ ఫ్లైకీ మధ్య ఉండే సన్నని పారదర్శక దారం, కట్టాలి. పండుగప్ప కోసం పోతే లీడర్ చివర 30 లేదా 40 పౌండ్ల లాగుడు తట్టుకునే మందపాటి దారం ఒక అడుగు చేర్చు. దాని నోరు గరుకు కాగితంలా ఉండి సన్న దారాన్ని అరగదీస్తుంది, మొప్పల మూత అంచు అయితే కత్తే. చేతికి వచ్చిన తరువాత కూడా అక్కడ వేళ్లు పెట్టకు.

ఫ్లైలు కొనడం కన్నా కట్టుకోవడమే మేలు. పుంజు మెడ ఈకలు, మేక తోక వెంట్రుకలు మన ఊళ్లో ఊరికే దొరుకుతాయి. 1987లో అమెరికాలో బాబ్ క్లౌజర్ కట్టిన క్లౌజర్ మిన్నో ఒక్కటి నేర్చుకున్నా నీకు చాలు. కొక్కేన్ని వైస్ అనే చిన్న బిగింపు పరికరంలో బిగించి, కొక్కెం కన్నుకు (దారం కట్టే రంధ్రానికి) కొంచెం వెనుకగా, కాడ పైభాగాన, డంబెల్ ఆకారంలోని చిన్న లోహపు గుండ్లను దారంతో అడ్డంగా, ఇంటూ గుర్తు వచ్చేలా గట్టిగా కట్టాలి. ఆ తరువాత తెల్ల వెంట్రుకలు ఒక వైపు, ఆకుపచ్చవి మరొక వైపు పలుచగా కట్టాలి. ఒత్తుగా కడితే చేపపిల్లలా కాక చీపురులా కనిపిస్తుంది. నీటిలో పడగానే గుండ్ల బరువుకు ఫ్లై తలకిందులై కొక్కెం మొన పైకి తిరుగుతుంది, అందువల్ల అడుగున ఉన్న చెత్తకు అంతగా తగులుకోదు. కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కి అణిచివేయి. కొక్కెం నీ చెవిలో దిగినప్పుడు ఆ మాట విలువ తెలుస్తుంది.

విసరడం నేర్చుకోవడానికి నీళ్లు అక్కరలేదు. తెల్లవారుజామున ఏదైనా ఖాళీ మైదానానికి వెళ్లి, ఫ్లైకి బదులు ఎర్రని ఊలు ముక్క కట్టుకుని అభ్యాసం చెయ్యి. బొటనవేలు రాడ్ పిడి మీద ఉండాలి, మణికట్టు విరగకూడదు. రాడ్‌ను నెమ్మదిగా ఎత్తడం మొదలుపెట్టి, వేగం పెంచుకుంటూ వచ్చి, గడియారంలో ఒంటిగంట దాటుతుండగా ఠక్కున ఆపాలి. అక్కడ వేచి ఉండాలి. లైను వెనుక పూర్తిగా చాచుకునే వరకు ముందుకు తేవద్దు, తల తిప్పి చూసుకున్నా తప్పులేదు. తొందరపడితే లైను చర్నాకోలలా చెళ్లుమంటుంది, ఆ చప్పుడు వినిపించిందంటే ఫ్లై తెగిపోయిందనే అర్థం. ముందుకు తెచ్చేటప్పుడు కూడా అదే పద్ధతి, పది గంటల దగ్గర ఆపాలి. 40 అడుగులు తిన్నగా వేయగలిగితే చాలు, చాలా చేపలు అంతలోపలే ఉంటాయి.

మన తీరంలో గాలి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. తూర్పుకు తిరిగి నిలబడితే వేసవి దక్షిణపు గాలి నీ కుడి వైపు నుండి వస్తుంది, కుడిచేతివాటం వాడివి కనుక ఫ్లై నేరుగా నీ తల మీదికి వస్తుంది. రాడ్ కొసను ఎడమ భుజం మీదుగా వంచి విసరడం అలవాటు చేసుకో, లేదా పొద్దున్నే వెళ్లి ఎండ ముదరక ముందే వచ్చెయ్యి. టోపీ, పోలరైజ్డ్ కళ్లజోడు లేకుండా మాత్రం విసరకు. లోతు లేని నీళ్లలో దిగినప్పుడు పాదాలు ఎత్తి వేయకుండా ఇసుకను రాసుకుంటూ నడిస్తే కింద పడుకున్న, తోకలో ముల్లుండే టేకు చేప తప్పుకుంటుంది.

ఎక్కడ వేయాలంటే, వాకాడు వైపు స్వర్ణముఖి సముద్రంలో కలిసే మొగ వంటి చోట్ల, అమావాస్యకో పౌర్ణమికో నీరు బాగా పారే రోజుల్లో, పాటు నీరు, అంటే పోటు తరువాత వెనక్కి తగ్గే నీరు, బయటికి జారేటప్పుడు వెయ్యి. చిన్న చేపలు ఆ నీటితో పాటు కొట్టుకువస్తాయి, పండుగప్ప పక్కన నీడలో, వేర్ల దగ్గర, పారే నీటికీ నిలిచిన నీటికీ మధ్య గీతలో కాచుకుని ఉంటుంది. బయటి గట్టున అలల తెల్లని నురుగు దగ్గర పారలు తిరుగుతాయి, వాటికి ఫ్లైని ఆపకుండా వేగంగా లాగాలి. పండుగప్పకు రెండు లాగులు లాగి ఒక్క క్షణం ఆపితే, ఆ ఆపులోనే పట్టుకుంటుంది.

పట్టుకోగానే రాడ్ ఎత్తకు. మామూలు గాలం అలవాటు ఉన్న ప్రతివాడి చెయ్యీ పైకే లేస్తుంది, ఆ వంగిన రాడ్ గట్టి నోటిలోకి కొక్కేన్ని దించలేదు, ఫ్లై కూడా చేప నోటి ముందు నుండి జారిపోతుంది. రాడ్ కొసను నీటి వైపే ఉంచి, ఎడమ చేత్తో లైనును గట్టిగా ఒక్క లాగు లాగాలి. బరువు తగిలిన తరువాతే రాడ్ ఎత్తు.

ఊరికి దగ్గర కావాలంటే చెరువులే దిక్కు, స్వర్ణముఖిలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కదా. బొచ్చె నీటిలోని సూక్ష్మజీవులను తిని బతికేది కనుక దాని కోసం సమయం పాడుచేసుకోవద్దు. కలువ ఆకుల మధ్య కొరమీనుకు, కొక్కెం ముందు గడ్డి తగలకుండా తీగ కట్టిన తేలే ఫ్లై వెయ్యి. ఎర్రని పిల్లల గుంపు నీటిపై కదులుతుంటే, కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అప్పుడు వేయకు, అవి పోతే పిల్లలన్నీ పోతాయి.

చెరువును వేలం పాటలో ఎవరు తీసుకున్నారో కనుక్కుని అడిగే దిగు. కల్యాణి డ్యామ్ తిరుమల, తిరుపతుల తాగునీరు, అటు వెళ్లకు. పులికాట్, నేలపట్టు పక్షుల అభయారణ్యాలు, అటవీ శాఖ అనుమతి లేకుండా అక్కడ గాలం తీయకు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మన తీరంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది, అది నీ చేతిగాలానికి వర్తించకపోయినా ఆ రోజుల్లో పట్టినవాటిని వదిలెయ్యి. పండుగప్ప మొదట మగదిగా పెరిగి తరువాత ఆడదవుతుంది కనుక, బాగా పెద్దది చిక్కితే అది గుడ్లు పెట్టేదే అయి ఉంటుంది. దాన్ని తడి చేతులతో పట్టి, నీటిలోనే కొక్కెం తీసి పంపించు.

సముద్రం నుండి వచ్చిన రోజే రాడ్, రీలు, లైను మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టు. కారు డిక్కీలో ఎండకు వదిలేస్తే ఆ ఖరీదైన లైను పై పూత పగిలిపోతుంది.

ఇట్లు,
మీ మామయ్య