ముట్టుకుంటే ముడుచుకునే దీపాలు

నెల్లూరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ కాలేజీ ఆవరణలో మనిషి దగ్గరికి వస్తే స్పందించే దీపాల తోట పెట్టాలని, అందులో మిణుగురులు, కలువలు, పులికాట్ కొంగలు అన్నీ ఉండాలని రాశావు. ఏళ్ల తరబడి తిరునాళ్లకు సీరియల్ బల్బులు కట్టినవాడిగా చెబుతున్నాను, అన్నీ పెడితే ఏదీ మనసులో నిలవదు. ఒక్క ప్రాణిని ఎంచుకొని, దాని నడతను బాగా గమనించు.

నేనైతే అత్తిపత్తిని ఎంచుకుంటాను. ఒక మొక్కను కుండీలో పెంచి, ఆకు కొసను వేలితో తాకి చూడు. చిట్టి ఆకులు జంటలు జంటలుగా కొస నుండి మొదలు వైపుకు ముడుచుకుంటూ పోతాయి, ఆ తరువాత కాడ వాలుతుంది. ఆకు మొదట్లోని కణాల నుండి నీరు బయటికి పోవడమే ఇందుకు కారణం. ముడుచుకోవడం క్షణాల పని, విచ్చుకోవడానికి మాత్రం చాలా నిమిషాలు పడుతుంది. నీ దీపాలూ అలాగే తాకిన చోటు నుండి ఒక్కొక్కటిగా ఆరి, నెమ్మదిగా తిరిగి వెలగాలి. చేయి చాపగానే భగ్గున వెలిగే దీపం ముందు జనం రెండుసార్లు చేయి ఊపి వెళ్లిపోతారు. ఆరిన దీపం మళ్లీ ఎప్పుడు విచ్చుకుంటుందా అని మాత్రం నిలబడి చూస్తారు. రద్దీ ఉన్నప్పుడు తోటంతా చీకటి కాకుండా కొమ్మకొక సెన్సార్ పెట్టి, తిరిగి వెలిగే సమయాన్ని అర నిమిషానికి కుదించు.

ఒంటి వేడిని పసిగట్టే పీఐఆర్ సెన్సార్ మన రోహిణి కార్తె ఎండల్లో మందగిస్తుంది, ఎందుకంటే అప్పుడు గాలికీ ఒంటికీ వేడిలో పెద్ద తేడా ఉండదు. ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో స్పర్శను గుర్తించే పిన్నులు పది ఉన్నాయి, ఈ పనికి అవే తగినవి. అయితే మధ్యాహ్నం సరిచూసిన స్పర్శ కొలత రాత్రి మంచుకు మారిపోతుంది కాబట్టి, బోర్డు తనంతట తానే కొలతను మళ్లీ మళ్లీ సవరించుకొనేలా ప్రోగ్రాం రాయి.

దేనికది విడిగా వెలిగించగల డబ్ల్యూఎస్2812 రకం ఎల్ఈడీ దీపం నిండు తెలుపులో సుమారు 60 మిల్లీయాంపియర్లు తీసుకుంటుంది, కనుక 300 దీపాలకు 5 వోల్టుల దగ్గర 18 యాంపియర్లు కావాలి. దీపాల వరుసకు ఒక్క కొస నుండే కరెంటు ఇస్తే అవతలి కొసకు వెళ్లేసరికి తెలుపు ఎర్రబారుతుంది, అందుచేత రెండు కొసల నుండీ ఇవ్వు. చీకట్లో పావు వంతు వెలుతురే చాలు.

మైపాడు తీరంలోనూ పెట్టాలన్న ఆలోచన మానుకో. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. రాత్రిపూట ఇసుకలో నుండి బయటపడిన పిల్లలు వెలుతురున్న దిక్కునే సముద్రమనుకొని దీపాల వైపు పాకి, నీటికి చేరకుండానే చచ్చిపోతాయి. ఎంత అందమైన తోటైనా సరే, అక్కడ నేను ఒప్పుకోను.

సరుకు కొనే ముందు వైరింగ్ పటం గీసి పంపు, తీగల మందం నేను చూసి చెబుతాను.

మీ తాతయ్య