ప్రీ-లాంచ్‌లో ఫ్లాటా? ఆ నేల మీద నీళ్లెక్కడ నిలుస్తాయో ముందు అడగండి

సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాం, హైదరాబాద్ శివారు కొల్లూరు వైపు ప్రీ-లాంచ్‌లో, అంటే అనుమతులు రాకముందే, మార్కెట్ కన్నా బాగా తక్కువకు ఫ్లాట్ ఇస్తామంటున్నారు, వచ్చి చూసే వీలు లేదు, డబ్బు పంపవచ్చా అని అడిగారు. పంపకండి. రెరా నంబర్, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ప్రాజెక్టుకు ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్, వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా పంపకండి. మీ ప్రశ్నకు జవాబు ఇంతే. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో మిగతాదంతా దాని గురించే.

నేను 2010 నుంచి 2021 దాకా సింగపూర్‌లోనే ఉన్నాను. ఇప్పుడు తెల్లాపూర్, కొల్లూరు, ఉస్మాన్‌నగర్ చుట్టుపక్కల ఇళ్లు కొనిపెట్టే పని చేస్తున్నాను. మీకు వచ్చినటువంటి బ్రోచరే నాకూ ఫోన్‌లో వచ్చింది. చూశాను, డబ్బు పంపాను.

అది 2019. మా వైపు చదరపు అడుగు 4,500 నడుస్తుంటే 2,400కే ఇస్తామన్నారు. షరతు ఒక్కటే, మొత్తం ఒకేసారి కట్టాలి. 1,400 చదరపు అడుగులకు 33.6 లక్షలు. అనుమతులు అప్పటికి రాలేదు కాబట్టి ఫ్లాట్‌ను రిజిస్టర్ చేయరు, భూమిలో అవిభాజ్య వాటా మన పేరున రాస్తారు. యూడీఎస్ అంటారు కదా, అదే. చేతికి రిజిస్టర్డ్ కాగితం వస్తుంది, దాంతో మనకు ధైర్యం వస్తుంది. కానీ ఆ కాగితంలో మీ ఫ్లాట్ నంబర్ ఉండదు, ఎన్నో అంతస్తో ఉండదు, ఎప్పటికి కట్టిస్తారో ఉండదు. ఒక ఖాళీ స్థలానికి మీరూ, ముఖం కూడా తెలియని ఇంకో రెండు వందల మందీ వాటాదారులవుతారు. రేపు అమ్మాలన్నా, బ్యాంకు లోను కావాలన్నా ఆ కాగితం పెద్దగా పనికిరాదు.

నేను రాలేను కాబట్టి మా నాయినకు పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చాను. గ్రేంజ్ రోడ్డులోని భారత హైకమిషన్‌లో అటెస్ట్ చేయించి, కొరియర్‌లో పంపాను. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి, ఇది చాలామందికి తెలియదు, మీరు గుర్తుపెట్టుకోండి. నాయిన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ సైకిల్ మీద తిరిగిన మనిషి. సైట్ చూసొచ్చి ఫోన్ చేశాడు.

"బిడ్డా, ఆడ వానాకాలం నీళ్లు నిలుస్తయి. నేను సైకిల్ మీద పోయేటప్పుడు ఆడికెల్లి చుట్టు తిరిగి పోయేటోన్ని. కుంట ఉండె."

"అది ముప్పై ఏళ్ల కిందటి మాట నాయినా. ఇప్పుడన్నీ మారిపోయాయి. లేఅవుట్ చూశాను, అంతా చదును చేశారు."

"చదును జేస్తే నీళ్లకు తెలుస్తదా?"

ఆ మాట ఆ రోజు నాకు ఎక్కలేదు. నా దగ్గర రంగుల మ్యాప్ ఉంది, ఔటర్ రింగ్ రోడ్డు నుంచి ఎన్ని నిమిషాలో రాసి ఉంది, ఈత కొలను బొమ్మ ఉంది. నాయిన దగ్గర ఒక జ్ఞాపకం తప్ప ఏమీ లేదు. నేను పట్టుబట్టాను. ఆయన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి, తను నమ్మని భూమికి నా తరఫున సంతకం పెట్టి వచ్చాడు.

తర్వాత కరోనా వచ్చింది. 2020 ఏప్రిల్ 7 నుంచి జూన్ 1 దాకా సింగపూర్‌ను మూసేశారు, విమానాలు లేవు. ఇక్కడ లాక్‌డౌన్ సడలించాక నాయిన ప్రతి నెలా మొదటి వారంలో బస్సెక్కి బిల్డర్ ఆఫీసుకు వెళ్లేవాడు. ఒక వంద పేజీల నోట్‌బుక్ పెట్టుకున్నాడు. ఏ తేదీన వెళ్లాడు, ఎవరు కలిశారు, ఏం చెప్పారు, అన్నీ అందులో రాసేవాడు. రాత్రి ఫోన్‌లో నాకు చదివి వినిపించేవాడు. "ఛాయ్ మంచిగ పోస్తున్నరు బిడ్డా. ముచ్చట మాత్రం పోయిన నెల చెప్పిందే చెప్పిండ్రు." అనుమతి వచ్చే వారం వస్తుందట. ప్రతి నెలా వచ్చే వారమే.

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వాన ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. రెండు రోజుల తర్వాత వాన తెరిపిచ్చాక నాయిన అక్కడికి వెళ్లాడు. నేను అప్పుడు జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాక్ కింద, వాయిడ్ డెక్‌లో, అంటే గోడల్లేని కింది అంతస్తులో, రాతి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. ఒక చెరువు. అందులోంచి పైకి తేలి, కంపెనీ జెండాలు కట్టిన కర్రలు పదో పన్నెండో. ఒక మూల మా బ్రోచర్‌లో ఉన్న బొమ్మే పెద్ద హోర్డింగ్‌గా, సగం నీళ్లలో. ఫొటో కింద నాయిన ఒక్క మాట కూడా రాయలేదు. నేను చెప్పాను కదా అని ఆ రోజు అనలేదు, ఇప్పటిదాకా అనలేదు. అంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ స్థలంలో కొంత భాగం చెరువు ఎఫ్‌టీఎల్‌లోకి, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దులోకి, వస్తుందని, అందుకే అనుమతి రాలేదని తర్వాత తేలింది. 33.6 లక్షల్లో ఇప్పటిదాకా 21 లక్షలు చేతికి వచ్చాయి, అదీ విడతలుగా, రెండు చెక్కులు బౌన్స్ అయ్యాక. మిగిలింది ఇంకా రావాలి. నోట్‌బుక్ రెండోది నడుస్తోంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న విషయానికి వస్తాను. ఇందులో బిల్డర్ ఒక్కడిదే తప్పు కాదు, మధ్యలో నిలబడే మాలాంటి ఏజెంట్ల వ్యవస్థది కూడా. మీరు సింగపూర్‌లోనే ఉన్నారు కాబట్టి సులభంగా అర్థమవుతుంది.

2011లో నేను గది వెతుక్కుంటున్నప్పుడు ఒక ఏజెంట్ వచ్చాడు. మెడలో ఫొటోతో కార్డు, దాని మీద రిజిస్ట్రేషన్ నంబర్. గది నచ్చింది. నెల అద్దె డిపాజిట్ నోట్లు లెక్కపెట్టి అతని చేతిలో పెట్టబోయాను. అతను రెండు చేతులూ వెనక్కి లాక్కున్నాడు. "నాకు కాదు, ఇంటావిడకు ఇవ్వండి, రసీదు తీసుకోండి" అన్నాడు. నేను మర్యాదకు అంటున్నాడేమో అనుకున్నాను. అది చట్టం అని తర్వాత తెలిసింది. అక్కడ 2010లో ఎస్టేట్ ఏజెంట్ల కోసం ప్రత్యేకంగా చట్టం తెచ్చి, ఒక కౌన్సిల్ పెట్టారు. అక్కడి ప్రభుత్వ గృహసంస్థ హెచ్‌డీబీ కట్టిన ఇంటి అద్దె డబ్బు ఏజెంట్ ముట్టుకోకూడదు, అమ్మకపు డబ్బు అసలే ముట్టుకోకూడదు. ఒకే డీల్‌లో అమ్మేవాడికీ కొనేవాడికీ ఇద్దరికీ పనిచేయకూడదు. మన దగ్గర కూడా రెరా చట్టం ఏజెంట్లు రిజిస్టర్ చేసుకోవాలంటుంది. కానీ ఇక్కడ ఇద్దరి దగ్గరా కమిషన్ తీసుకోవడం మామూలు విషయమైపోయింది. ప్రీ-లాంచ్‌లో అయితే బిల్డర్ ఇచ్చే కమిషన్ ఇంకా పెద్దది. ఇద్దరి దగ్గరా తీసుకునేవాడు కొనేవాడి పక్షాన నిలబడడు, ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. అందుకే నేను కొనేవాళ్ల దగ్గర మాత్రమే తీసుకుంటాను. అడ్వాన్స్ చెక్కు నా చేతికి ఇవ్వబోతే నేనూ చేతులు వెనక్కి లాక్కుంటాను.

సింగపూర్‌లో అన్నీ బాగుంటాయని కూడా చెప్పను. గది కోసం ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న మీరు ఇండియనా అని. ప్రకటనల్లోనే ఇండియన్లకు ఇవ్వమని రాసినవి చూశాను. ఇచ్చినవాళ్లు 'లైట్ కుకింగ్' అనేవారు, అంటే నూడుల్స్ ఉడకబెట్టుకోవచ్చు, పోపు మాత్రం వేయకూడదు. పప్పుచారుకు పోపు లేకుండా రెండేళ్లు తిన్నాను. ఆ బాధ తెలిసిన మనమే ఇక్కడికొచ్చి, మాంసం తింటే ఇల్లివ్వం, పెళ్లికానివాళ్లకు ఇవ్వం అంటున్నాం. ఆ షరతులు పెట్టే ఇంటి యజమానుల పని నేను ఒప్పుకోను.

చివరి ఆరేళ్లు ఉన్నది ఒక చైనీస్ ఆంటీ ఇంట్లో. ఆవిడే పోపు వేసుకోమంది, తలుపు తీసి పెట్టుకోమంది అంతే. ఫోర్ రూమ్ ఫ్లాట్, అంటే హాలు, మూడు పడకగదులు. 93 చదరపు మీటర్లు. కాగితం మీద ఎంత ఉందో ఇంట్లో అంత ఉంది. లిఫ్టు, కారిడార్, మెట్లు తెచ్చి అందులో కలపలేదు. మొన్న తెల్లాపూర్‌లో ఒక ఫ్లాట్‌ను టేపు పెట్టి కొలిచాను. బ్రోచర్‌లో 1,695 చదరపు అడుగులు, గోడల మధ్య 1,190. తేడా ఐదు వందల అడుగులు, దానికీ చదరపు అడుగు లెక్కనే డబ్బు. రెరా చట్టం కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపలి వాడుక స్థలం, చెప్పాలని స్పష్టంగా అంటోంది. అయినా ఇక్కడ మాట్లాడేది లిఫ్టు, మెట్లు కూడా కలిపిన సూపర్ బిల్టప్‌లోనే. ఎవరైనా రేటు చెబితే, కార్పెట్ మీద ఎంత పడుతుందో లెక్క కట్టి చెప్పమనండి. చెప్పడానికి తటపటాయిస్తే అక్కడే లేచి వచ్చేయండి.

ఆంటీది 99 ఏళ్ల లీజు ఇల్లు. దాదాపు అన్ని హెచ్‌డీబీ ఇళ్లూ అంతే. లీజు తీరాక ఇల్లు పోతుంది కదా అని ఒకసారి అడిగాను. "అప్పటికి నేను ఉండను, ఇప్పుడు ఉండటానికే కదా ఇల్లు" అంది. మనవాళ్లు కొల్లూరులో మూడో ఫ్లాట్ కొని తాళం వేసి పెడుతుంటే నాకు ఆ మాట గుర్తొస్తుంది. సాయంత్రం ఏడింటికి కొన్ని టవర్ల వైపు చూడండి, లైట్లు వెలిగేవి ఎన్నో లెక్కపెట్టవచ్చు.

ఇక్కడి సంగతులు కూడా అడిగారు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ ప్రభుత్వ భూముల వేలంలో ఒక ఎకరం 100.75 కోట్లకు పోయింది. ఆ వార్త వచ్చిన రోజు నుంచి ఔటర్ అవతల పొలం ఉన్నవాళ్లు కూడా ధర పెంచేశారు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చింది, సెప్టెంబర్‌లో అమీన్‌పూర్ వైపు కూల్చివేతలు జరిగాయి. అప్పటినుంచి నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరూ మొదట చెరువు ఎంత దూరం అని అడుగుతున్నారు. అప్పు చేసి కొన్నవాళ్ల ఇళ్లు కూలడం చూస్తే కడుపు తరుక్కుపోయింది. అదే సమయంలో, ఆ ప్రశ్న అయిదేళ్ల ముందే అందరం అడిగి ఉండాల్సింది అని కూడా అనిపించింది.

మీకు నిజంగా కొనాలని ఉంటే ఇలా చేయండి. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు నంబర్ మీరే వెతకండి, ఏజెంట్ పంపిన స్క్రీన్‌షాట్ నమ్మకండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, ఎనిమిది దాటి ఫ్లాట్లున్నా, రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన వేయడమే తప్పు, బుకింగ్ తీసుకోవడం ఇంకా తప్పు. అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతం మించి అడగకూడదు. మీ దగ్గర తీసుకున్న దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. నూటికి నూరు శాతం ముందే కట్టమంటున్నారంటే, మీ డబ్బుతో ఇంకెక్కడో భూమి కొంటున్నారనే నా నమ్మకం. సర్వే నంబర్ తీసుకుని ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, అప్పుల రికార్డు, తీయించండి, లింక్ డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల పత్రాలు, లాయర్‌కు చూపించండి, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులో ఎఫ్‌టీఎల్, దాని చుట్టూ కట్టకూడని బఫర్ చూడండి. వాటా కోసం తొందరపడకుండా ఓసీ, అంటే కట్టడం పూర్తయ్యాక ఇచ్చే నివాస అనుమతి పత్రం, వచ్చిన ఇల్లు తీసుకుంటే జీఎస్టీ కూడా ఉండదు. అది ఖరీదు ఎక్కువే, కానీ లోపలికి వెళ్లి తలుపు వేసుకోవచ్చు.

ఇవన్నీ అయ్యాక ఆ ఊళ్లో అరవై దాటిన మనిషిని ఒకరిని పట్టుకుని, వానాకాలం ఇక్కడ నీళ్లు ఎటు పోతాయి అని అడిగించండి. నేను ఇప్పుడు ఏ కొత్త సైట్ వచ్చినా ముందు నాయినను బండి మీద తీసుకెళ్తున్నాను. ఆయన దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, స్థలం చుట్టూ ఒకసారి నడుస్తాడు. పల్లం ఎటుందో, తుమ్మచెట్లు ఎక్కడ గుంపుగా ఉన్నాయో చూస్తాడు. మీ బ్రోచర్‌లో సర్వే నంబర్ ఉంటే పంపండి. కొల్లూరే కాబట్టి ఈ ఆదివారం ఇద్దరం వెళ్లి చూసొస్తాం.