నీటి మీద పరిశోధన చేసేవాళ్లు అగ్నిపర్వతాల సెమినార్లకు ఎందుకు వెళ్లాలి?

"భూగర్భ జలాల మీద పీహెచ్‌డీలో చేరాను. మా విభాగంలో వారం వారం జరిగే సెమినార్లలో సగానికి పైగా అగ్నిపర్వతాలు, లావా రాళ్ల మీదే. నా పనికి సంబంధం లేని వాటికి వెళ్లి గంట పోగొట్టుకోవాలా?" అని అడిగారు.

తప్పకుండా వెళ్లండి. నేను అమెరికాలోని ఓరెగాన్‌లో జలశాస్త్రం చదివాను. నీరు ఎటు పోతుందో తేల్చేది రాయి. ఆ రాయి ఎలా పుట్టిందో చెప్పేవాళ్లు ఆ సెమినార్లలోనే దొరుకుతారు.

ఓరెగాన్‌లోని కాస్కేడ్ పర్వతాలు పక్కపక్కనే రెండు వరసలు. పడమటి వరస బాగా పాతది, లోతైన లోయలతో కోసుకుపోయింది. తూర్పు వరస వయసులో చిన్నది, అక్కడి అగ్నిపర్వతాలు ఇంకా చల్లారలేదు. ఒక సెమినార్‌లో వక్త ఈ రెండు వరసల నుంచి చెరొక నదిని తీసుకుని, వాటి ఏడాది ప్రవాహాన్ని ఒకే గ్రాఫు మీద గీసి చూపించారు. పాత కొండల నది గీత చలికాలపు వానలకు నిట్టనిలువునా లేచి, ఆగస్టు నాటికి అడుగుకు అంటుకుపోయింది. కొత్త లావా మీది నది గీత మాత్రం ఏడాది పొడవునా పెద్దగా ఒడుదొడుకులు లేకుండా సాగింది. తేడా అంతా రాతి వయసులోనే ఉంది. కొత్త లావా నిండా పగుళ్లు, బుడగలు వదిలిన రంధ్రాలు. కరిగిన మంచు నేల మీద పారకుండా నేరుగా ఇంకిపోయి, కొన్నేళ్ల తర్వాత కొండ దిగువన ఊటగా బయటికి వస్తుంది. కాలం గడిచేకొద్దీ ఆ రాతిలోని ఖనిజాలు బంకమన్నుగా మారి ఆ దారులను పూడ్చేస్తాయి. అప్పుడు నీరు పైనే పారి వాగులు పుడతాయి.

ఆ తూర్పు వరసలో పుట్టేదే మెకెంజీ నది. దాని ఎగువన క్లియర్ లేక్ అనే సరస్సు ఉంది. సుమారు మూడు వేల ఏళ్ల కిందట లావా లోయకు అడ్డం పడటంతో ఏర్పడింది. అప్పుడు మునిగిన చెట్ల మోడులు ఇప్పటికీ నీటి అడుగున నిలబడే ఉన్నాయి. పడవలోంచి వంగి చూస్తే స్పష్టంగా కనిపిస్తాయి. ఊటనీరు అంత చల్లగా ఉండబట్టే అవి కుళ్లిపోలేదు. యూజీన్ నగరం తాగేది ఈ నది నీళ్లే. కాబట్టి అక్కడ ఒక లావా ప్రవాహం వయసు లెక్కగట్టే శాస్త్రజ్ఞుడు, తెలిసో తెలియకో ఊరి మంచినీటి సంగతే మాట్లాడుతున్నాడు.

నీటి లెక్కల అవసరం అగ్నిపర్వతాలు చదివేవాళ్లకూ ఉంది. హవాయిలో కిలవేయా అగ్నిపర్వత శిఖరం మీది బిలం 2018లో కుంగి, దాని అడుగు భూగర్భ నీటిమట్టం కంటే దిగువకు వెళ్లిపోయింది. 2019 జులైలో అక్కడ చిన్న నీటిగుంట కనిపించింది. అది పెరిగి సుమారు 50 మీటర్ల లోతు సరస్సయింది. 2020 డిసెంబరు 20 రాత్రి లావా ఎగజిమ్మడంతో ఆవిరైపోయింది. అది వాన నీరా, భూగర్భ జలమా అన్న ప్రశ్నకు జవాబు వెతికినప్పుడు అక్కరకొచ్చింది శిఖరం దగ్గర 1973లో వేసిన లోతైన బోరులోని నీటిమట్టం! లావా, నీరు కలిస్తే పేలుడు జరిగే ప్రమాదం ఉంది కాబట్టి, అది ఊరికే తెలుసుకోవలసిన విషయం కాదు.

మీరు ఏ ఊళ్లో చదువుతున్నారో రాయలేదు. తెలుగు రాష్ట్రాల్లో అయితే ఈ సంబంధం ఇంకా దగ్గరిది. ఆదిలాబాద్, నిర్మల్, వికారాబాద్, జహీరాబాద్ ప్రాంతాల్లోని నల్లరాయి సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ లావాయే. అది ఒక్క ముద్దగా లేదు, పొర మీద పొరగా పరుచుకుంది. ఒక్కో పొర పైభాగం బుడగల రంధ్రాలతో గుల్లగా ఉంటుంది. నడిమి భాగం గట్టి బండ, పగుళ్లుంటే తప్ప నీరివ్వదు. రెండు పొరల మధ్య కొన్నిచోట్ల ఇటుక రంగు మట్టి ఉంటుంది, అది నీటిని కిందికి పోనివ్వకుండా ఆపగలదు. ఒక రైతు బోరులో నీళ్లు పడి పక్క పొలంలో పడకపోవడానికి కారణం చాలాసార్లు ఈ పొరల్లోనే దొరుకుతుంది. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి ప్రాంతాల్లో కనిపించే లావా, పడమటి కనుమల వైపు నుంచి పాతకాలపు నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని కొందరు శాస్త్రజ్ఞుల వాదన. నీళ్లు చదివేవాళ్లకు ఇంతకంటే ఆసక్తికరమైన విషయం ఏముంటుంది?

వెళ్లేముందు ప్రసంగ సారాంశం చదవండి, పది నిమిషాలు చాలు. రాతి రసాయన శాస్త్రం అర్థం కాకపోయినా కంగారు పడకండి, పటాలు, అడ్డుకోత చిత్రాలు జాగ్రత్తగా చూడండి. హైదరాబాద్‌లో ఉంటే ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో జరిగే ప్రసంగాల మీద కూడా కన్నేసి ఉంచండి. గ్రానైటు నేలల్లో భూగర్భ జలాల మీద మహేశ్వరం, చౌటుప్పల్‌లలో ఏళ్ల తరబడి పని చేసినవాళ్లు అక్కడివారే.

ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. నేను ప్రతి లావా ప్రసంగం తర్వాత వక్త దగ్గరికి వెళ్లి ఒకటే అడిగేవాణ్ని: "మీరు బోరు వేసి తీసిన రాతి నమూనాలు ఎక్కడ భద్రపరిచారు, ఏ లోతులో నీరు తగిలిందో రాసి పెట్టారా?" వాళ్లకు అక్కర్లేక పక్కన పెట్టిన ఆ అంకెలు చాలాసార్లు సంతోషంగా ఇచ్చేశారు. నా థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం వాటి మీదే నడిచింది.